పచ్చనివన్నీ క్లోరైట్ కావు

మీ చేతిలో ఒక బసాల్ట్ ముక్క ఉంది. సుత్తి దెబ్బకు ఇప్పుడే పగిలింది. పగిలిన ముఖం నల్లగా నిగనిగలాడుతోంది. అక్కడక్కడ చిన్న బొరియలు, వాటి గోడలకు పచ్చటి పూత. గోరుతో గీకితే మెత్తగా, జిడ్డుగా తగులుతోంది. ఫీల్డ్ నోట్‌బుక్ తెరిచారు. ఏం రాస్తారు?

చాలామంది క్షణం కూడా ఆలోచించకుండా "క్లోరైట్" అని రాసేస్తారు. ఇంకొందరు "శైథిల్యం వల్ల ఏర్పడిన మట్టి" అని రాసి, తర్వాతి రాయి దగ్గరికి వెళ్లిపోతారు. రెండూ తొందరపాటే. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకోవద్దని పెద్దలు చెప్పిన మాట రాళ్ల విషయంలోనూ అక్షరాలా నిజం. ఆ పూత క్లోరైట్ కావచ్చు, సాపోనైట్ కావచ్చు, సెలడోనైట్ కావచ్చు. రెండు ఖనిజాల పొరలు ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చుకున్న కొరెన్సైట్ కూడా కావచ్చు. పేరు మారితే, ఆ రాయి ఎంత వేడిని చూసిందన్న జవాబు మారుతుంది. దాన్ని కంకర కొట్టి రోడ్డు మీద వేయవచ్చా అన్న జవాబు కూడా మారుతుంది.

ఎమ్మెస్సీ జియాలజీ ప్రాజెక్టు చేస్తున్నారా? మొదటి ఉద్యోగంలో డ్రిల్ కోర్ పెట్టెల ముందు కూర్చున్నారా? క్వారీ రాయిని పరీక్షకు పంపాల్సిన ఇంజనీరా? అయితే ఈ అధ్యాయం మీదే. ఇందులో సిద్ధాంతం తక్కువ, చేతులతో చేసే పని ఎక్కువ. నేను ఇవ్వదలచుకున్న సలహా ఒక్కటే. పేరు పెట్టే ముందు ఆ ఖనిజాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి:

ఎక్కడ కూర్చున్నావు? నీ పక్కన ఎవరున్నారు? తడి తగిలితే ఉబ్బుతావా? కాలిస్తే ఏమవుతావు?

ఈ నాలుగు ప్రశ్నలు వేయడం అలవాటైతే, జవాబు చెప్పడానికి రాయి మొరాయించదు.

ముందు ఈ నలుగురిని పరిచయం చేసుకోండి

బసాల్ట్, డోలరైట్, గాబ్రో వంటి మాఫిక్ అగ్నిశిలల్లో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. వాటిలోని ఆలివిన్, పైరాక్సీన్, గాజు చాలా ఎక్కువ వేడిలో పుట్టినవి. రాయి చల్లారాక పగుళ్లలోంచి, బుడగ రంధ్రాల్లోంచి వేడినీరు పారితే అవి అలాగే ఉండలేవు. నెమ్మదిగా నీటిని కలుపుకున్న పొర సిలికేట్లుగా మారిపోతాయి. తక్కువ స్థాయి రూపాంతరం అంటే ఇదే.

స్మెక్టైట్ కుటుంబం: పొరల మధ్య నీటిని దాచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. మాఫిక్ రాళ్లలో ఎక్కువగా కనిపించేది మెగ్నీషియం ఉన్న సాపోనైట్. ఇనుము ఎక్కువైతే నాంట్రొనైట్.

సెలడోనైట్: అభ్రకం కుటుంబానికి చెందినది. పొటాషియం, ఇనుము ఉంటాయి. నీలం కలిసిన పచ్చ రంగు. ఉబ్బదు. అజంతా కుడ్యచిత్రాల్లోని ఆకుపచ్చ ఇలాంటి పచ్చమట్టి రంగే.

కొరెన్సైట్: ఒక క్లోరైట్ పొర, ఒక స్మెక్టైట్ పొర చొప్పున క్రమంగా పేర్చిన ఖనిజం. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ కొరెన్స్ పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది.

క్లోరైట్: ఉబ్బదు. ఈ వరసలో ఎక్కువ వేడికి గుర్తు.

వేడి పెరిగేకొద్దీ స్మెక్టైట్ కొరెన్సైట్ వంటి మిశ్రమ పొరలుగా, ఆ తర్వాత క్లోరైట్‌గా మారుతుంది. ఐస్‌లాండ్ భూతాప క్షేత్రాల్లో బావులు తవ్వి, లోపలి వేడిని కొలిచి, అదే లోతు నుంచి తీసిన ఖనిజాలను పోల్చి చూశారు. అక్కడ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకు స్మెక్టైట్, 200 నుంచి 230 దాకా మిశ్రమ పొరలు, అది దాటితే క్లోరైట్. 250 ప్రాంతంలో ఎపిడోట్ కూడా వచ్చి చేరుతుంది. కోస్టారికాకు దక్షిణాన పసిఫిక్ సముద్రగర్భంలో 504బి అనే బావిని 1979 నుంచి 1993 వరకు విడతలవారీగా తవ్వి 2,111 మీటర్ల లోతుకు వెళ్లారు. అక్కడా పైభాగంలో సాపోనైట్, సెలడోనైట్. కిందికి వెళ్తే క్లోరైట్.

ఈ అంకెలు ఉజ్జాయింపులు. నీటి రసాయనం, రాయిలో నీరు ఎంత సులువుగా పారింది, ఎంతకాలం పారింది అనేవాటిని బట్టి హద్దులు అటూ ఇటూ జరుగుతాయి. సిద్ధాంతం ఇంతటితో చాలు. పనిలోకి దిగుదాం.

తొమ్మిది మెట్లు

1. రాయి తాజాదో కాదో ముందు తేల్చండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. ఎండకు, వానకు బసాల్ట్ శిథిలమైనా స్మెక్టైటే పుడుతుంది. మన రేగడి నేలలు వేసవిలో నెర్రెలు విచ్చి, వానాకాలంలో ఉబ్బేది ఆ కుటుంబం వల్లే. మరి మీ రాయిలోని స్మెక్టైట్ నేల మీద పుట్టిందా, భూమి లోపల వేడినీటిలో పుట్టిందా? ఉపరితలపు తుప్పు రంగు పొరను కొట్టేసి లోపలి ముక్క తీసుకోండి. పగుళ్ల వెంట గోధుమరంగు మరకలు ఉంటే ఆ నమూనా వద్దు. పచ్చటి పూత గట్టి జియోలైట్ లేదా కాల్సైట్ కింద పూర్తిగా మూతపడి ఉంటే, అది వానల వల్ల వచ్చింది కాదని చెప్పడానికి మీకు బలమైన ఆధారం దొరికినట్టే.

2. ఎక్కడ కూర్చుందో బొమ్మ గీయండి.

ఫొటో తీయడం సరిపోదు, చేత్తో గీయండి. గీస్తున్నప్పుడే కళ్లు సరిగ్గా చూస్తాయి. పొర సిలికేట్లు నాలుగు చోట్ల కూర్చుంటాయి: బుడగ రంధ్రాల గోడలకు, ఆలివిన్ స్ఫటికాల స్థానంలో, స్ఫటికాల మధ్య ఉండిన గాజు స్థానంలో, పగుళ్లను నింపిన నరాల్లో. ఒకే రాయిలో ఈ నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు ఖనిజాలు ఉండవచ్చు. ఆలివిన్ స్థానంలో ఎర్రగోధుమ రంగు కనిపిస్తే అది ఇడింగ్సైట్ కావచ్చు. ఇది ఒకే ఖనిజం కాదు, ఇనుప ఆక్సైడ్లూ మట్టి ఖనిజాలూ కలిసిన మిశ్రమం. దాన్ని విడిగా రాసుకోండి.

3. గోడ నుంచి మధ్యకు చదవండి.

బుడగ రంధ్రం ఒక కాలపట్టిక. గోడను అంటుకున్నది మొదట వచ్చింది, మధ్యలో ఉన్నది చివరగా వచ్చింది. దక్కన్ బసాల్ట్‌లలో గోడకు పచ్చటి సెలడోనైట్ లేదా స్మెక్టైట్, దాని మీద హ్యూలాండైట్, స్టిల్‌బైట్ వంటి జియోలైట్లు, మధ్యలో క్వార్ట్జ్ లేదా కాల్సైట్ కనిపించడం మామూలే. "1 పచ్చ, 2 తెల్ల పలకలు, 3 పారదర్శకం" అని వరస నంబర్లతో రాయండి. పేర్లు తర్వాత పెట్టుకోవచ్చు. వరస ఒకసారి పోయిందంటే మళ్లీ దొరకదు.

4. ఇరుగుపొరుగును పట్టించుకోండి.

పొర సిలికేట్ ఒంటరిగా సాక్ష్యం చెబితే నమ్మడం కష్టం. పక్కన జియోలైట్లు ఉంటే తక్కువ వేడి. ప్రెనైట్, పంపెల్లియైట్ కనిపిస్తే ఇంకొంత వేడి. క్లోరైట్‌తో పాటు ఎపిడోట్, ఆక్టినోలైట్, ఆల్బైట్ కలిసి ఉంటే గ్రీన్‌షిస్ట్ స్థాయికి చేరినట్టు.

ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ తూర్పు ఐస్‌లాండ్. జార్జ్ వాకర్ అక్కడి బసాల్ట్ గుట్టల్లో జియోలైట్ల మండలాలను పటం మీదికి ఎక్కించి 1960లో ప్రచురించాడు. లావా పొరలు ఒక పక్కకు వాలి ఉన్నాయి. జియోలైట్ మండలాలు మాత్రం ఆ పొరలను కోసుకుంటూ దాదాపు సమతలంగా సాగాయి. అంటే లావా పొరలు వాలిన తర్వాతే ఈ ఖనిజాలు కుదురుకున్నాయి. బొరియల్లోని తెల్ల గింజలను ఓపికగా రాసుకున్నందుకు ఆయనకు ఒక ప్రాంతపు చరిత్రే దొరికింది. మీ నోట్‌బుక్‌కు కూడా ఆ గౌరవం ఇవ్వండి.

5. నీళ్ల గ్లాసు పరీక్ష చేయండి.

ఖర్చు లేని పరీక్ష ఇది. పూర్తిగా ఆరిన ముక్కను నీళ్ల గ్లాసులో వేసి మర్నాడు చూడండి. పూత ఉబ్బి, మెత్తబడి, పొలుసులుగా రాలి, నీరు మసకబారిందా? స్మెక్టైట్ అని అనుమానించవచ్చు. చెక్కుచెదరలేదా? క్లోరైట్ లేదా సెలడోనైట్ కావచ్చు. ఇది దారి చూపుతుంది, తీర్పు చెప్పదు. నోట్‌బుక్‌లో "అనుమానం" అనే రాయండి.

6. థిన్ సెక్షన్ చేయించేటప్పుడు వర్క్‌షాప్‌కు ముందే చెప్పండి.

మామూలుగా సానపట్టేటప్పుడు నీళ్లు వాడతారు. స్మెక్టైట్ ఉబ్బి ఊడిపోతుంది. మీ చేతికి వచ్చిన సెక్షన్‌లో అసలైన చోట ఖాళీ రంధ్రమే మిగులుతుంది. అందుకే ముక్కను ముందు ఎపాక్సీతో గట్టిపరచమని, నీటికి బదులు నూనెతో సానపట్టమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

సెక్షన్ చేతికొచ్చాక ఏం చూడాలి? క్లోరైట్ లేతపచ్చగా ఉంటుంది. క్రాస్ చేసిన నికాల్స్ మధ్య ముదురు నీలం లేదా ఊదాగోధుమ వంటి అసహజ రంగులు చూపుతుంది. స్మెక్టైట్ సాధారణంగా గోధుమ, పసుపు, ఆలివ్ పచ్చల్లో ఉండి, క్లోరైట్ కంటే ప్రకాశవంతమైన వ్యతికరణ రంగులు ఇస్తుంది. సెలడోనైట్ గాఢమైన నీలిపచ్చ. దాని సొంత రంగే మిగతా రంగులను కప్పేస్తుంది. కొరెన్సైట్ దగ్గర మాత్రం సూక్ష్మదర్శిని చేతులెత్తేస్తుంది. అక్కడ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) తప్పదు.

7. ఎక్స్‌ఆర్‌డీకి నమూనా తయారు చేయడంలో తొందర వద్దు.

నాణ్యమైన ఫలితంలో సగం ఇక్కడే ఉంది. రాయిని నెమ్మదిగా నలగ్గొట్టండి. పిండి అయ్యేదాకా రుబ్బితే పొరల అమరికే దెబ్బతింటుంది, గట్టి ఖనిజాలు కూడా నుసిగా మారి మట్టితో కలిసిపోతాయి. నలిగిన పొడిని శుద్ధమైన నీటిలో కలిపి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కాసేపు ఉంచి, ఆ తర్వాత కదపకుండా వదిలేయండి. 2 మైక్రాన్ల కంటే సన్నటి రేణువులే మీకు కావాలి.

ఎంతసేపు ఆగాలి? 20 డిగ్రీల నీటిలో 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. పుస్తకాల్లో ఉండే అంకె ఇదే. మన ల్యాబుల్లో వేసవిలో నీళ్లు 30 డిగ్రీలు సులువుగా చేరుతాయి. వేడినీరు పలచన కాబట్టి అదే దూరానికి 6 గంటలకు కాస్త ఎక్కువ చాలు. గదిలో థర్మామీటర్ పెట్టుకుని లెక్క వేసుకోండి.

పైనున్న 10 సెంటీమీటర్ల నీటిని తీసి, అందులోని మట్టిని పలక మీద (ఏ పలకో తర్వాతి మెట్టులో చూడండి) పలుచగా పరిచి, గది గాలికే ఆరనివ్వండి. రేణువులు పలకకు సమాంతరంగా పడుకుంటాయి. పొరల మందం స్పష్టంగా కనిపించాలంటే అవి అలాగే పడుకోవాలి. త్వరగా ఆరాలని వేడి ఓవెన్‌లో పెట్టకండి.

8. ఒకే పలకను మూడుసార్లు స్కాన్ చేయండి.

ఒకటి, గాలికి ఆరినప్పుడు. రెండు, ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో 60 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాక. మూడు, 550 డిగ్రీల వద్ద ఒక గంట కాల్చాక. ఆ వేడికి మామూలు గాజు వంగిపోవచ్చు కాబట్టి సిలికా లేదా పింగాణీ పలక వాడండి. గ్లైకాల్ విషపదార్థం. చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి.

జవాబులు ఇలా చదవాలి. పొరల మందం ఆంగ్‌స్ట్రామ్‌లలో:

స్మెక్టైట్: ఆరినప్పుడు సుమారు 14 నుంచి 15, గ్లైకాల్‌లో 17, కాల్చాక 10.

క్లోరైట్: మూడుసార్లూ 14 దగ్గరే. కాల్చాక 14 శిఖరం బలపడి 7 శిఖరం బలహీనపడుతుంది.

కొరెన్సైట్: ఆరినప్పుడు 29, గ్లైకాల్‌లో 31, కాల్చాక 24.

సెలడోనైట్: మూడుసార్లూ 10 దగ్గరే.

చూశారా? మొదటి స్కాన్‌లో స్మెక్టైట్, క్లోరైట్ దాదాపు ఒకే చోట నిలబడ్డాయి. గ్లైకాల్ ఆవిరి తగిలాకే ఒకటి ఉబ్బి బయటపడింది. తడిసిన పుస్తకం మందం పెరిగినట్టు స్మెక్టైట్ పొరలు గ్లైకాల్‌ను ఇముడ్చుకుని విడివడతాయి. క్లోరైట్ పొరల మధ్య చోటు ముందే నిండిపోయి ఉంటుంది కాబట్టి అది కదలదు.

9. ఉష్ణోగ్రత చెప్పే ముందు ఒక్కసారి ఆగండి.

క్లోరైట్‌లోని అల్యూమినియం నుంచి ఉష్ణోగ్రత లెక్కగట్టే సూత్రాలు ఉన్నాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్నది 1980లలో మెక్సికోలోని లాస్ అజుఫ్రెస్ భూతాప క్షేత్రపు నమూనాల నుంచి పుట్టింది. సూత్రంలో అంకె వేస్తే జవాబు వస్తుంది. అసలు అది క్లోరైటేనా అన్నదే ప్రశ్న. స్మెక్టైట్ పొరలు కలిసి ఉంటే ఆ జవాబుకు విలువ లేదు. ముందు ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ విశ్లేషణలో కాల్షియం, సోడియం, పొటాషియం ఆక్సైడ్లను కూడండి. మొత్తం 0.5 శాతం దాటితే అది శుద్ధమైన క్లోరైట్ కాదని అనుమానించి ఆ విశ్లేషణను పక్కన పెట్టండి. నిజాయతీగా పక్కన పెట్టిన ఒక అంకె మీ థీసిస్‌కు తెచ్చే గౌరవం, తప్పుడు ఉష్ణోగ్రతలు పది రాసినా రాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటి తప్పు: స్కాన్‌ను 5 డిగ్రీల కోణం దగ్గర మొదలుపెట్టడం. చాలా ల్యాబుల్లో యంత్రం మామూలు సెట్టింగ్ అదే. రాగి గొట్టం వాడితే కొరెన్సైట్ 29 ఆంగ్‌స్ట్రామ్‌ల శిఖరం 3 డిగ్రీల దగ్గర ఉంటుంది. మీరు తలుపు తీయకముందే అతిథి వెళ్లిపోయాడన్నమాట. స్కాన్ 2 డిగ్రీల నుంచి మొదలుపెట్టమని ఆపరేటర్‌ను అడగండి. ఈ ఒక్క మాటతో ప్రాజెక్టు దిశే మారవచ్చు.

రెండో తప్పు: 7 ఆంగ్‌స్ట్రామ్‌ల శిఖరం చూడగానే కయోలినైట్ అనడం. క్లోరైట్‌కు కూడా అక్కడ బలమైన శిఖరం ఉంది. 14 దగ్గర కూడా శిఖరం ఉందేమో చూడండి. కాల్చిన స్కాన్‌తో పోల్చండి. కయోలినైట్ 550 డిగ్రీలకు నాశనమవుతుంది, క్లోరైట్ 14 శిఖరం నిలబడుతుంది. అప్పటికీ సందేహం ఉంటే 3.5 దగ్గర నెమ్మదిగా స్కాన్ చేయించండి. క్లోరైట్ 3.54 దగ్గర, కయోలినైట్ 3.58 దగ్గర విడివిడిగా కనిపిస్తాయి.

మూడో తప్పు: సెలడోనైట్‌ను గ్లాకొనైట్ అని రాయడం. రెండూ పచ్చనే, రెండింటి రసాయనమూ దగ్గరదే. గ్లాకొనైట్ సాధారణంగా సముద్ర అవక్షేపాల్లో పుడుతుంది. లావా బుడగ రంధ్రంలో ఉన్నది సెలడోనైట్ కావడానికే అవకాశం ఎక్కువ. మళ్లీ మొదటి ప్రశ్నే: ఎక్కడ కూర్చున్నావు?

నాలుగో తప్పు: ఒక్క నమూనాతో కొండంతటికీ తీర్పు చెప్పడం. లావా ప్రవాహం పైభాగంలో బుడగలు ఎక్కువ, నీరు బాగా పారుతుంది, మార్పు కూడా ఎక్కువే. మధ్యభాగం గట్టిగా, దాదాపు తాజాగా ఉండవచ్చు. రెండు చోట్లా ఉన్న తేడా వేడి వల్ల రాలేదు, నీరు పారిన తీరు వల్ల వచ్చింది. కనీసం పైనుంచి, మధ్యనుంచి, కిందనుంచి నమూనాలు తీసుకోండి.

ఐదో తప్పు: రంగును బట్టి లోతు చెప్పేయడం. పచ్చగా ఉంటే లోతు, గోధుమగా ఉంటే పైభాగం అనే నియమం ఏదీ లేదు.

మూడు చిన్న సన్నివేశాలు

వికారాబాద్ వైపు దక్కన్ బసాల్ట్‌ల మీద ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థిని అనుకోండి. ఆమె "సార్, ఇది క్లోరైట్ కదా?" అనేదాకా గైడ్ గారు ఆగలేదు, తనే "ఏమిటమ్మా ఇది?" అని అడిగారు. "తెలియదు సార్. గోడకు అంటుకుని ఉంది, మీద స్టిల్‌బైట్ ఉంది, నీళ్లలో రాత్రంతా ఉంచితే పొలుసులు రాలాయి. స్మెక్టైట్ అని అనుమానం. గ్లైకాల్ స్కాన్ చేయిస్తాను" అంటే? పేరు చెప్పలేకపోయినా ఆ అమ్మాయి శాస్త్రవేత్తలా మాట్లాడింది. "తెలియదు" అన్న మాటతో ఆపేయకుండా, ఎలా తెలుసుకుంటారో కూడా చెప్పడం నేర్చుకోండి.

డ్రిల్ కోర్ రాస్తున్న కొత్త జియాలజిస్టు. వందల మీటర్ల కోర్ పెట్టెలు. సీనియర్ "పచ్చగా ఉన్నదంతా క్లోరైట్ అని రాసేయ్ బాబూ, సాయంత్రానికి అయిపోవాలి" అన్నారు. ఏం చేయాలి? గొడవ పడనక్కర్లేదు. "పచ్చ పొర సిలికేట్, రకం 1", "రకం 2" అని రాసి, ఒక్కో రకానికి చిన్న ముక్క సంచిలో వేసుకోండి. పని ఆగదు, నిజమూ పోదు.

రాజమహేంద్రవరం ప్రాంతంలో పంగిడి, కాతేరు, దుద్దుకూరు వైపు బసాల్ట్ పొరలు, వాటి మధ్య శిలాజాలున్న సున్నపురాయి, మట్టి పొరలు ఉన్నాయి. అక్కడ ఒక యువ ఇంజనీరు క్వారీ చూడటానికి వచ్చాడు. రాయి నల్లగా, గట్టిగా మోగుతోంది. "ఇంకేం పరీక్షలు సార్, చూస్తేనే తెలుస్తోందిగా!" అన్నాడు క్వారీ మేస్త్రీ. తెలుస్తోందా? ఈ ప్రశ్నకు విడిగా జవాబు చెప్పుకోవాలి.

రాయి మీద కట్టేవారికి ప్రత్యేకంగా

గట్టిగా ఉన్న బసాల్ట్ కూడా స్మెక్టైట్ దాచుకుని ఉంటే తడుస్తూ, ఆరుతూ కొన్నాళ్లకు పొడిబారుతుంది. లెసోతో కొండల్లో కాట్సే ఆనకట్ట నుంచి నీరు తీసుకెళ్లే సొరంగం బసాల్ట్‌లోనే తవ్వారు. గాలి, తడి తగిలిన కొన్ని బసాల్ట్ పొరలు చెడిపోవడం మొదలైంది. అందుకని కాంక్రీట్ తొడుగు వేయాల్సి వచ్చింది. రాయి తవ్విన రోజున ఎలా ఉందన్నది సరిపోదు. తడిశాక ఎలా ఉంటుందో తెలియాలి.

మీరు చేయాల్సినవి:

1. పరీక్షకు పంపే నమూనాలో గట్టి ముక్కలే ఏరి పెట్టకండి. బుడగలున్న, పచ్చమచ్చలున్న ముక్కలను వాటి నిష్పత్తిలోనే కలపండి.

2. అరుగుదల పరీక్ష ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. పొడిగా ఉన్న రాయి బలాన్నే అది చెబుతుంది.

3. సౌండ్‌నెస్ పరీక్ష చేయించండి. ఐఎస్ 2386 ఐదో భాగంలో పద్ధతి ఉంది. ముతక కంకరకు ఐదు విడతల తర్వాత సోడియం సల్ఫేట్‌తో 12 శాతం, మెగ్నీషియం సల్ఫేట్‌తో 18 శాతం బరువు నష్టాన్ని ఐఎస్ 383 హద్దుగా చెబుతుంది.

4. బసాల్ట్ అయితే గ్లైకాల్ నానుడు పరీక్ష కూడా అడగండి. ఎక్స్‌ఆర్‌డీలో స్మెక్టైట్‌ను బయటపెట్టిన ద్రవమే ఇక్కడా పనిచేస్తుంది. ఉబ్బే మట్టి ఉంటే ముక్కలు పగులుతాయి, విడిపోతాయి. దక్షిణాఫ్రికాలో ఇలాంటి రాళ్లకు ఈ పరీక్షను వాడతారు.

5. మిథిలీన్ బ్లూ పరీక్ష చవకైనది. రాతి నుసి ఎంత రంగును పీల్చుకుంటే అంత ఉబ్బే మట్టి ఉన్నట్టు లెక్క.

6. అనుమానం ఉంటే ఒక థిన్ సెక్షన్ చేయించి జియాలజిస్టుకు చూపించండి. దానికయ్యే ఖర్చు, రోడ్డు పాడయ్యాక చేసే మరమ్మతు ముందు లెక్కలోకి రాదు.

ఆరోగ్యం ముందు, ఆ తర్వాతే నమూనా

క్రిసొటైల్ కూడా పొర సిలికేట్లలో ఒకటే, కానీ దాని పొరలు చుట్టుకుపోయి సన్నటి నారలవుతాయి. ఆస్బెస్టాస్ రకాల్లో ఇది ఒకటి. పులివెందుల ప్రాంతంలో డోలరైట్ రాయి డోలమైట్‌లోకి చొచ్చుకొచ్చిన సంపర్కం దగ్గర ఇది దొరుకుతుంది. అలాంటి చోట నారలు కనిపిస్తే గీకకండి, ఊదకండి, పొడి చేయకండి. తడిపి, సంచిలో మూసి, జాగ్రత్త అని రాసి పెట్టండి. ఏ ల్యాబులో రాయిని పొడి చేస్తున్నా మాస్క్ వేసుకోండి.

ఈ వారం మీరు చేయాల్సింది

పెద్ద ప్రణాళికలు వద్దు. మీ కాలేజీ మ్యూజియంలోంచి బుడగలున్న బసాల్ట్ ముక్క ఒకటి తీసుకోండి. హ్యాండ్ లెన్స్‌తో అరగంట చూసి, గోడ నుంచి మధ్యకు వరస గీయండి. ఏ పేరూ రాయకండి. మర్నాడు ఆ బొమ్మ పక్కన నాలుగు ప్రశ్నలు రాసి, తెలిసినవాటికి జవాబులు నింపండి. తెలియనివాటి ఎదురుగా ఏ పరీక్ష చేయాలో రాయండి. ఇలా ఐదారు ముక్కలు పూర్తి చేసేసరికి మీ కళ్లు మారిపోతాయి.

ఈ చిన్న విద్య చాలా దూరం వెళ్లింది. అంగారకుడి మీద నిలి ఫాసే ప్రాంతంలో క్లోరైట్, ప్రెనైట్ జాడలను కక్ష్యలోంచే గుర్తించారు. క్యూరియాసిటీ రోవర్ ఎల్లోనైఫ్ బే మట్టిరాళ్లలో సాపోనైట్ వంటి స్మెక్టైట్‌ను కనుగొంది. అక్కడ ఒకప్పుడు నీరు ఉందని, అది ఎలాంటి నీరో చెప్పడానికి శాస్త్రవేత్తలు ఆ పొరల మందాన్ని కూడా కొలిచారు. రోవర్‌లో ఉన్న ఎక్స్‌ఆర్‌డీ పరికరం చదివింది కూడా మీరు ఎనిమిదో మెట్టులో నేర్చుకున్నలాంటి అంకెలనే.

కాబట్టి మీ ప్రాంతంలో ఇలాంటి రాయిని చూసే అవకాశం వస్తే దాన్ని వదులుకోకండి. పేరు పెట్టడానికి తొందరపడకండి, అలాగని పేరు పెట్టకుండా వదిలేయకండి కూడా. నాలుగు ప్రశ్నలు అడగండి, మూడు స్కాన్‌లు చేయించండి, జవాబును ధైర్యంగా రాయండి. రాయి గురించి మీరు రాసే ఒక్క పేరు మీద ఒక థీసిస్, ఒక రోడ్డు, ఒక సొరంగం ఆధారపడవచ్చు. ఆ పేరును పరీక్షించాకే రాయండి.